ఉప్పు పడని సమాధి

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేని దావా ఎన్నేళ్ళు నడిచినా కాలక్షేపమే అవుతుంది. కనుక ముందు ఆ జవాబే చెప్పుకుందాం.

సత్తెనపల్లికి దూరంగా, జొన్నలకుంటపాడు శివారున, వాగు ఒడ్డున పాతపల్లె క్రైస్తవ కుటుంబాలకు ఒక నల్లరేగడి చేను ఉండేది. దానిలో ఒక చెక్క వారి పంటకు, మరొక చెక్క వారి సమాధులకు. పట్టా పల్లె పెద్ద దానయ్య పేరున ఉండేది. నలభై ఏళ్ళ కిందట ఒక వానాకాలంలో పానకాలరాయుడు అనే ఆసామి మనుషులను ట్రాక్టరెక్కించి పంపి, ఆ కుటుంబాలను వాగు దాటేదాకా తరిమించాడు. సమాధుల మీద నాగలి తోలించి పత్తి గింజ వేశాడు. మరుసటి ఎండాకాలంలో, చేనంతా దానయ్యే తనకు అమ్మాడంటూ వేలిముద్ర ఉన్న దస్తావేజు ఒకటి బయటపెట్టాడు. తరిమివేత జరిగిన రోజు నుంచి దానయ్య మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

నేల పోగొట్టుకున్నవారికి జరిగింది ఒక అన్యాయం. దానయ్య చిన్న కూతురు రెబ్కాకు జరిగినవి రెండు. ఆసామి ఆమె నేల తీసుకున్నాడు. ఆమె సొంత జనం ఆమె పరువు తీసుకున్నారు. "అమ్ముకున్నోడి కూతురు" అన్న మాట ఆమె వెంట బడికి వెళ్ళింది, నర్సింగు చదువుకు వెళ్ళింది, చివరికి ఆమె పెళ్ళి పందిట్లోకీ వచ్చింది.

ఆమె అన్న మార్క్ వేసిన దావా ఒకసారి కొట్టివేతకు గురై, అప్పీలులో ప్రాణం పోసుకుని తిరిగి సత్తెనపల్లి కోర్టుకు చేరింది. మార్క్ పోయాడు. అతని కొడుకు సాల్మన్ ప్లీడరై తండ్రి వదిలిన కాగితాలు చేతికి తీసుకున్నాడు. చిలకలూరిపేట ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేస్తున్న రెబ్కా ఇప్పుడు వాది. అక్కడ సమాధులే లేవని ప్రతివాది వాదన. పానకాలరాయుడు ఏనాడో కాలం చేశాడు. ఇప్పటి ప్రతివాది అతని మనవడు, పత్తి జిన్నింగు మిల్లు యజమాని ప్రద్యుమ్న.

ఈ ఏడు ఒక వింత జరిగింది. పాతపల్లెలో మనిషిని పూడ్చేటప్పుడు గోతిలో గంపెడు రాళ్ళ ఉప్పు పోస్తారు. రేగడి మన్ను ఉప్పును ఒక పట్టాన వదలదు. పత్తి ఉప్పును ఓర్చుకుంటుంది గనుక ఇన్నేళ్ళూ నేల నోరు మెదపలేదు. కానీ ధర చూసి ఆశపడిన ప్రద్యుమ్న, కౌలుదారు పీరును బలవంతపెట్టి ఆ చెక్కలో మిరప వేయించాడు. మిరపకు ఉప్పు గిట్టదు. చేనంతా ఎర్రగా పండుతూ ఉంటే, ఒక వరుసలో మాత్రం నిలువెత్తు మనిషి పడుకున్నంత మేర మచ్చలు మచ్చలుగా మొక్క మాడిపోయింది. ఆ మచ్చలను స్వయంగా చూసి నివేదిక ఇమ్మని కోర్టు ఆశ్రిత అనే యువ న్యాయవాదిని కమిషనరుగా నియమించింది. ఇరుపక్షాల సమక్షంలో, వాది కోరిన ఒకే ఒక్క చోట తవ్వించి చూడవచ్చునని ఉత్తర్వులో ఉంది.

అదీ ఇంతవరకు నడిచిన సంగతి. ఆ ఉదయం రెబ్కా ఆటో దిగి చేలోకి చూసింది.

మచ్చలు లేవు. వాటి స్థానంలో తాజాగా తిరగేసిన మట్టి ఉంది. మాడిన మొక్క ఉన్న ప్రతిచోటా పొక్లెయిన్ కోరలు దిగిన ఆనవాలు, దాని మీద తెల్లగా, నేలలో ఉప్పు విరిచే జిప్సం పొడి. సమాధుల వరుసను ఎవరో పళ్ళు ఊడపెరికినట్టు పెరికి పారేశారు.

"ఏంటి పీరూ ఇది?" అన్నదామె.

"నన్నడుగుతావేంటక్కా!" పీరు తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. "గట్టు పని ఉందన్నారు. మా అత్తగారి ఊరెళ్ళొచ్చేసరికి ఇదీ సంగతి. బతికున్న మొక్కలు కూడా తొక్కించి పోయారు."

కారుకు ఆనుకుని నిలబడ్డ ప్రద్యుమ్న నవ్వాడు. "ఏమండీ సిస్టర్ గారూ, మా చేలో మేం గుంట తీసుకోవాలన్నా మీ దగ్గర చీటీ రాయించుకోవాలా? గాలికుంటొచ్చి చచ్చిన గొడ్లని మా తాతగారు ఇక్కడే ఉప్పేసి పూడ్పించారు. ఆ ఎముకలు తీయించి నేల బాగుచేయించాను. పాపం, పీరు పంట పోతోందని."

"పాపమంట!" అని పీరు గొణిగాడు. "కౌలు తగ్గించమంటే మాత్రం ఈయనకి చెవుడొస్తుంది."

ఆశ్రిత నవ్వలేదు. తవ్విన చోట్లన్నిటినీ ఫోటోలు తీయించి, ప్రద్యుమ్న చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకుంది. తర్వాత సాల్మన్ వైపు తిరిగి, "తనిఖీకి ముందు నేలను కదిలించారని నివేదికలో రాస్తాను. కానీ ఏం తీసేశారో నేను చూడలేదు కదండీ. చూడనిది రాయలేను. తవ్వించుకునే చోటు ఇవాళే చూపించాలి. సోమవారం కోర్టులో నివేదిక పెట్టాలి" అన్నది.

సాల్మన్ మేనత్తను పక్కకు తీసుకువెళ్ళాడు. "అత్తా, వాయిదా అడుగుదాం. ఆ గుంటల్లో ఇప్పుడేం దొరకదు. ఏదన్నా దొరికితే గొడ్డు ఎముకే దొరుకుతుంది, వాళ్ళే వేసుంటారు. ఉన్నది ఒక్క అవకాశం. ఖాళీ గుంట తవ్వించామంటే నాన్న వేసిన దావా ఇక్కడే పూడుస్తాం."

రెబ్కా భుజానికున్న సంచీని రెండు చేతులా గుండెకు అదుముకుని ఆ వరుస వెంట నడవసాగింది.

గట్టు మీద గొడుగు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన ఆమెనే చూస్తున్నాడు. ఆయన జానకిరామయ్య, ఒకప్పటి ఊరి కరణం. దస్తావేజు రాసింది ఆయనే. రిజిస్ట్రారు ముందు "వేలిముద్ర వేస్తున్న ఇతడే దానయ్య" అని సాక్ష్యం చెప్పిందీ ఆయనే. హద్దులు చూపించడానికి కమిషనరు పిలిపించగా వచ్చాడు. దగ్గరికి వచ్చిన రెబ్కాను చూసి చూపు తిప్పుకున్నాడు.

తిరగేసిన మట్టి వాగు వైపుకు వరుసగా సాగి ఒకచోట ఆగిపోయింది. ఆ తర్వాత మిరప. ఏపుగా, నడుమెత్తున, కొమ్మ కొమ్మకూ ఎర్రని కాయ వేలాడుతున్న మిరప. రెబ్కా ఆ చివరి గుంట అంచున నిలబడింది. చివరి గుంట నాయనమ్మది. నాయనమ్మ పక్కన, వాగు వైపున...

ఆమె కళ్ళ ముందు వాన మొదలైంది.

ఆ రోజు కూడా ఇలాగే నిలబడింది, తడిసిన గౌనుతో. చాపలో చుట్టిన అమ్మను గోతిలోకి దించారు. పాతపల్లెలో ఒక ఆచారం ఉంది: మొదటి పిడికెడు ఉప్పు కడగొట్టు బిడ్డ వేయాలి. ఆ చెయ్యి పడనిదే తక్కినవారు గంప వంచరు. నాన్న ఆమె చేతిలో చిన్న గుడ్డమూట పెట్టి, "భయపడకే, అమ్మకి చలెయ్యకుండా" అన్నాడు. ఆమె మూట ముడి విప్పుతూ ఉండగా ట్రాక్టరు చప్పుడైంది. కేకలు. కర్రలు. పాస్టరు అయ్యగారి ప్రార్థన సగంలో ఆగింది. "పిల్లని తీసుకుపోరా మార్క్! నేను మట్టి పోసొస్తా!" అన్నది నాన్న గొంతు. అన్న ఆమెను భుజాన వేసుకుని వాగులోకి దూకాడు. వెనక్కి తిరిగి చూసినప్పుడు కనబడింది ఒక్కటే. కుంటికాలు నేలకు తన్ని పట్టి, పారతో మట్టి తోస్తున్న నాన్న.

వాగు దాటేసరికి మూటలో ఉప్పు కరిగి గౌను మీద తెల్లని చారలు కట్టింది. ఆ పిడికెడు ఉప్పు అమ్మకు అందలేదు. గంపెడు ఉప్పూ అందలేదు.

ఉప్పు అందలేదు గనుకనే ఇక్కడ మిరప మాడలేదు. మిరప మాడలేదు గనుకనే పొక్లెయిన్ ఇక్కడ ఆగిపోయింది.

రెబ్కా వెనుదిరిగింది. "కమిషనర్ గారూ, ఇక్కడ తవ్వించండమ్మా."

సాల్మన్ పరుగున వచ్చాడు. "అత్తా!"

ప్రద్యుమ్న చప్పట్లు కొట్టాడు. "బాగుందండీ! చేలో బాగా కాసిన చోటు చూసి మరీ ఎంచుకున్నారు. ఒరేయ్ పీరూ, సిస్టర్ గారు పచ్చడి పెట్టుకుంటారంట, గోనెసంచి పట్టుకురారా!"

పీరు అతని వైపు చూడలేదు. "తవ్వుకోండక్కా. పోయినదాంతో పాటే ఇదీ పోతుంది. నాకేం కొత్త కాదు" అని, తానే ముందు వంగి కాయలున్న మొక్కలను వేళ్ళతో సహా పెరికి గట్టు మీద పేర్చడం మొదలుపెట్టాడు.

ఆశ్రిత కలం తీసింది. "ఇక్కడే ఎందుకు? ఇక్కడ మచ్చ లేదు కదండీ?"

"మచ్చ లేదు కాబట్టేనమ్మా. ఇక్కడ మా అమ్మ ఉంది. ఆమె మీద ఉప్పు పడకముందే మమ్మల్ని తరిమారు. ఈ చోటు నాకు గుర్తుండబట్టి తెలుసు. వాళ్ళకు తెలియదు, అందుకే ముట్టుకోలేదు."

"మీ వాంగ్మూలం రాసుకుంటున్నాను. మీ పేరు?"

"రెబ్కా."

"తండ్రి పేరు?"

రెబ్కా తడబడింది. ఏ ఫారంలోనైనా ఆ గడిలో పేరు రాసేదే గాని, పదిమంది ఎదుట ఆ పేరును నోటితో పలికి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. పలికితే వెనక ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. తిరిగి వస్తాడని కొన్నాళ్ళు ఎదురుచూసింది. దస్తావేజు బయటపడ్డాక ఆ ఎదురుచూపు గొంతును తన చేతులతోనే నులిమింది.

"దానయ్య" అన్నది.

గడ్డపార దిగింది. పైపొర తేలికగానే లేచింది. తర్వాతి పొర గట్టిది. ఇద్దరు కూలీలు మార్చి మార్చి తవ్వుతుంటే మట్టి నల్లని గడ్డలుగా పైకి వచ్చి ఎండలో పగుళ్ళిస్తోంది. మోకాలి లోతు తవ్వారు. ఏమీ లేదు. ప్రద్యుమ్న ప్లీడరు చేతి గడియారం చూసుకున్నాడు. తొడ లోతు. సాల్మన్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో, శాపమో. బందోబస్తుకు వచ్చిన ఎస్సై ఆవులించాడు.

"ఆగండి" అన్నాడు గోతిలోని కూలీ, హఠాత్తుగా. పార పక్కన పెట్టి చేతులతో మట్టి తోశాడు. మరుక్షణం గోతి అంచుకు ఎగబాకి దూరంగా జరిగాడు.

ఎముకలు. మనిషి ఎముకలు.

సాల్మన్ పెద్దగా ఊపిరి వదిలాడు. "రాసుకోండి మేడమ్! గొడ్డుదో మనిషిదో అందరూ చూడండి!"

కానీ రెబ్కా ముఖంలో సంతోషం లేదు. ఆమె గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. ఏదో తప్పు జరిగింది. అమ్మను ఇంత పైన పూడ్చలేదు. అమ్మను వెల్లకిలా, చేతులు రొమ్ము మీద చేర్చి పడుకోబెట్టారు. ఈ మనిషి బోర్లా ఉన్నాడు. ఒక చెయ్యి రొమ్ము కింద మడతపడి ఉంది. పుర్రె వెనుక భాగం లోపలికి కుంగిపోయి ఉంది. దీన్ని ఎవరూ పడుకోబెట్టలేదు. పడేశారు.

ఆమె చూపు నడుము నుంచి కిందికి జారి, తొడ ఎముక దగ్గర ఆగిపోయింది. ఎముకకు అంటుకుని మట్టి రంగు పట్టిన ఒక ఉక్కు పట్టీ. దాన్ని బిగించిన మేకులు కూడా చెక్కుచెదరలేదు.

ఆసుపత్రిలో అలాంటి పట్టీలను ఎన్నింటినో ఆమె ఎక్స్‌రేలలో చూసింది. అయితే ఈ పట్టీని గుర్తుపట్టడానికి ఆ చదువు అక్కరలేదు. పత్తి బోరేల బండి తన మీద తిరగబడి నాన్న తొడ విరిగినప్పుడు, గుంటూరులో మిషను డాక్టర్లు ఆపరేషను చేసి లోపల ఇనుము వేశారు. చలికాలంలో అది పీకుతోందని నాన్న అంటే, ఆమె చిన్న చేతులతో వేడి ఇటుక కాపడం పెట్టేది. ఊరంతటికీ తెలుసు. 'ఇనపకాలు దానయ్య' అనేవారు.

"మేడమ్" అన్నది రెబ్కా. లేవలేదు. "ఈయన మా అమ్మ కాదు. మా నాన్న."

ఆమె సాల్మన్ వైపు తల తిప్పింది.

"దస్తావేజు ఎప్పటిది, సాల్మన్?"

సాల్మన్‌కు ఆ తేదీ నిద్రలో లేపినా వచ్చు. "నాయనమ్మని, అదే మీ అమ్మని, పూడ్చింది వానాకాలం. దస్తావేజు ఆ తర్వాతి ఎండాకాలానిది అత్తా."

"మా అమ్మ గోతికి మట్టి పోస్తూ పోస్తూ చచ్చిపోయిన మనిషి" అన్నది రెబ్కా, ఒక్కొక్క మాటా విడదీసి, "ఎండాకాలంలో లేచి వచ్చి వేలిముద్ర ఎట్లా వేశాడండీ, కరణం గారూ?"

అందరి తలలూ గొడుగు నీడ వైపు తిరిగాయి. ప్రద్యుమ్న ముఖం పాలిపోయింది. సమాధులు దాచాలని చూసినవాడే గాని, ఈ సమాధిలో ఇంత ఉందని అతనికి తెలియదు. ఆ సంగతి అతని ముఖమే చెప్పింది. "తాతగారు... ఇది మాకేం..." అని మొదలుపెట్టి, ప్లీడరు చెయ్యి పట్టుకుని నొక్కడంతో ఆగిపోయాడు.

ఆశ్రిత అప్పటికే ఎస్సైతో మాట్లాడుతోంది. "ఇది ఇక భూతగాదా ఒక్కటే కాదండీ. పై అధికారులకు చెప్పండి. డాక్టర్లు వచ్చేదాకా గోతి దగ్గరికి ఎవర్నీ రానివ్వద్దు."

మధ్యాహ్నానికి గుంటూరు నుంచి వైద్యబృందం వచ్చింది. ఎముకలను ఒక్కొక్కటిగా తీసి, చీటీలు కట్టి, పెట్టెలో సర్దారు. ఉక్కు పట్టీని తెల్లని గుడ్డలో విడిగా పెట్టారు. ఆ కింద, లోతుగా, మరొక మనిషి ఉన్నదని డాక్టరు చెప్పాడు. వెల్లకిలా, చేతులు రొమ్ము మీద చేర్చి, పద్ధతిగా పడుకోబెట్టిన స్త్రీ. పక్కన చాప తాలూకు నారలు. వీడియో తీసి, కొలతలు రాసుకుని, ఆమెను కదిలించనక్కరలేదని అధికారులు తీర్మానించేసరికి పొద్దు వాగు మీదికి వాలింది.

దానయ్య పారిపోలేదు. దానయ్య అమ్ముకోలేదు. భార్యను మట్టితో కప్పకుండా కదలనన్నాడు. కదలనందుకు తల పగలగొట్టి ఆమె మీదనే పడేశారు. రెబ్కా పెట్టె మూత మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ఆమె ఏడవలేదు. ఇన్నేళ్ళు తప్పు మనిషి మీద కోపంతో బతికిన మనిషికి కన్నీరు అంత తొందరగా దారి దొరకదు.

ఉదయం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్న జానకిరామయ్య కర్ర ఊతంగా లేచాడు. గోతి వరకు వచ్చాడు. రెబ్కా సంచీలోంచి తీస్తున్న చిన్న గుడ్డమూటను చూశాడు. పాతపల్లె ఆచారం ఆయనకు తెలుసు. కుడిచెయ్యి చాపాడు.

"అమ్మాయ్, నాక్కూడా... ఒక్క పిడికెడు ఇయ్యి."

రెబ్కా ఆ చేతి వైపు చూసింది. దస్తావేజు రాసిన చెయ్యి.

"మీ చెయ్యి పడాల్సింది ఇక్కడ కాదండీ" అన్నది. "కోర్టులో, ప్రమాణం చేసే పుస్తకం మీద. ఇన్నాళ్ళూ అబద్ధపు ప్రమాణం చేశారు. ఈసారి నిజంగా చెయ్యండి."

ముసలాయన చాచిన చేతిని తన ఛాతీకి చేర్చుకుని ఆశ్రిత వైపు తిరిగాడు.

"ఆ రోజు రిజిస్ట్రారు ముందు నేను దానయ్య అని చూపించిన మనిషి ఎవరో నాకు తెలుసమ్మా. ఆ వేలు ఎవరిదో చెబుతాను."

"సోమవారం కోర్టులో చెప్పండి బాబుగారూ. ఇక్కడ చెబితే చెల్లదు."

జానకిరామయ్య గట్టు మీద ఆగి ఉన్న ప్రద్యుమ్న కారును చూశాడు. కారులో ప్రద్యుమ్న ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మాత్రం ముసలాయన మీద నిలిపి ఉన్నాడు.

"సోమవారం దాకా నన్ను ఉండనిస్తారంటావా తల్లీ?" అన్నాడు.

ఆశ్రిత ఎస్సై ముఖంలోకి చూసింది. ఎస్సై నేల చూపులు చూశాడు. సాల్మన్ మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, తన తండ్రి బతికినన్నాళ్ళూ తిట్టుకున్న ఆ ముసలాయన మోచెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఉందురుగాని, పదండి" అన్నాడు.

వాళ్ళు నడిచి వెళ్ళే చప్పుడు రెబ్కాకు వినబడుతూనే ఉంది. ఆమె తల తిప్పలేదు. చెప్పులు విడిచి గోతి అంచున మోకరించింది. ఈ ఉదయం చిలకలూరిపేటలో బయలుదేరేటప్పుడు కట్టుకున్న మూట ఇది. నాన్న ఆనాడు కట్టినట్టే, ఒంటి ముడి. వేళ్ళు గౌను తొడుక్కున్న పిల్ల వేళ్ళలాగే తడబడ్డాయి. ఈసారి ఏ ట్రాక్టరూ రాలేదు. ముడి విడిపోయింది.

"చలెయ్యకుండా, అమ్మా" అన్నది.

మొదటి పిడికెడు వేసింది. కడగొట్టు బిడ్డ చెయ్యి పడింది గనుక, ఆచారం ప్రకారం తక్కినవారు ముందుకు రావచ్చు. పీరు మధ్యాహ్నం ఊళ్ళోంచి తెచ్చి ఉంచిన బస్తాలోంచి ఒక గంప నిండా రాళ్ళ ఉప్పు మోసుకువచ్చి, ఆమె తల ఊపాక గోతిలోకి వంచాడు. రెబ్కా మూటలో మిగిలినదంతా దులిపింది. గుడ్డను తిరగేసి మళ్ళీ దులిపింది. అరచేతికి ఒక్క పలుకు అంటుకుని ఉంటే దాన్ని కూడా వేలితో తీసి అమ్మ మీద వేసింది.

చేతిలో ఇక ఏమీ మిగలలేదు.